నిలబడటానికి పుట్టిన అక్షరం వాలితే: బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్ శైలి, వాడకం

ఇంగ్లిష్ అక్షరాల్లో స్లాబ్ సెరిఫ్‌ను గుర్తుపట్టడానికి టైపోగ్రఫీ చదివి ఉండక్కర్లేదు. గీత ఎక్కడ ముగుస్తుందో అక్కడ, ప్రతి కాలి కిందా పీట వేసినట్టు, దళసరి పట్టీ ఒకటి ఉంటుంది. టైమ్స్ లాంటి ఫాంట్లలోనూ గీతల చివర్లు ఇలా విచ్చుకుంటాయి గానీ అక్కడి సెరిఫ్ (గీత చివరి పట్టీ) సన్నగా, మొన తేలి ఉంటుంది. స్లాబ్‌లో నిలువు గీత ఎంత మందమో పట్టీ కూడా ఇంచుమించు అంతే మందం. ఐబీఎం చారల లోగో, కార్ల వెనక కనిపించే హోండా పేరు, పాత టైప్‌రైటర్ మీద కొట్టిన అర్జీలు, ఈ మూడింటిలోనూ ఉన్నది ఈ జాతి అక్షరమే.

దీన్ని బోల్డ్ చేస్తే ఇబ్బంది లేదు. అది ముందే బరువైన అక్షరం, ఇంకాస్త బరువు మోయగలదు. చిక్కంతా ఇటాలిక్ చేసినప్పుడే. ఇటాలిక్ కలం కదలికలోంచి పుట్టింది. కుడివైపు వాలుతుంది, ఒక అక్షరం నుంచి తర్వాతి అక్షరానికి సాగిపోవాలని చూస్తుంది. స్లాబ్ ఉన్నచోటే నిలదొక్కుకోవాలని చూస్తుంది. ఒకే ఫాంటులో రెండు ఎదురెదురు స్వభావాలు చేరాయన్నమాట. ఈ పేచీని డిజైనర్ ఎలా తీర్చాడన్నదాన్ని బట్టే ఆ ఫాంటు నాణ్యత తేలుతుంది. దాన్ని ఎక్కడ వాడొచ్చో, ఎక్కడ వాడితే పేజీ చెడుతుందో కూడా అక్కడే తేలుతుంది.

బోల్డ్, ఇటాలిక్, స్లాబ్ అనే ఈ మూడు గుణాలూ ఒకే కాలంలో పుట్టినవి కావు. ఇటాలిక్ అన్నిటికన్నా పాతది. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ తన అచ్చుకూటం నుంచి వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా తెచ్చాడు. దాని కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన అక్షరాలు అప్పటి ఇటలీ పండితులు, లేఖకులు వేగంగా రాసే రాతను అనుసరించాయి. అప్పట్లో ఇటాలిక్ అంటే నొక్కి చెప్పే సాధనం కాదు. పుస్తకం మొత్తం అందులోనే ఉండేది. నిటారు అక్షరం పక్కన తోడుగా నిలబడి, ఒక మాటను ప్రత్యేకించి చూపే పని దానికి తర్వాత కాలంలో వచ్చింది.

స్లాబ్ మూడు శతాబ్దాల తర్వాతి సంగతి. 1815 ప్రాంతంలో లండన్‌లో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే టైపు తయారీదారు 'యాంటీక్' పేరుతో ఒక అక్షరాన్ని చూపించాడు. పారిశ్రామిక విప్లవం నడుస్తున్న నగరం అది. గోడల మీద లాటరీ ప్రకటనలు, నాటకాల పోస్టర్లు, సరుకుల చీటీలు పెరిగిపోయాయి. పుస్తకం కోసం గీసిన సన్నని అక్షరం వీధి అవతలి నుంచి కనిపించదు. అందుకే సెరిఫ్‌ను కూడా నిలువు గీతంత మందం చేసేశారు. నెపోలియన్ దండయాత్ర తర్వాత యూరప్‌ను ఊపేసిన ఈజిప్టు మోజు వల్ల ఈ అక్షరాలకు 'ఈజిప్షియన్' అన్న పేరు స్థిరపడింది. ఆ దేశపు లిపితో వీటికి ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆ వాసన తర్వాతి పేర్లలోనూ పోలేదు. 20వ శతాబ్దంలో వచ్చిన స్లాబ్ ఫాంట్లకు మెంఫిస్, కైరో, కర్నాక్ అని పేర్లు పెట్టారు.

బోల్డ్ కథలో ముఖ్యమైన ఏడాది 1845. లండన్ ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీ (టైపు పోతపోసే కర్మాగారం)లో రాబర్ట్ బెస్లీ 'క్లారెండన్' అనే టైపును విడుదల చేశాడు. అచ్చులు చెక్కింది బెంజమిన్ ఫాక్స్. క్లారెండన్ ప్రత్యేకత దాని సైజులో ఉంది. అది పోస్టరు అక్షరంగా కాకుండా, మామూలు పాఠం మధ్యలో పక్క అక్షరాల ఎత్తులోనే ఒదిగి, వాటికన్నా నల్లగా కనిపించడానికి తయారైంది. నిఘంటువులో ఆరోపం (అర్థం చెప్పబోయే మాట), పట్టికలో తలపేరు, పాఠంలో ముఖ్యపదం దానికి దొరికిన పనులు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు ఆరోపాలకు క్లారెండన్‌నే వాడింది. ఇప్పుడు కంప్యూటర్‌లో 'బోల్డ్' మీట నొక్కి చేసే పనికి ఆ రోజుల్లో చేయగలిగిన ఏర్పాటు ఇదే.

క్లారెండన్‌కు ఇటాలిక్ తోడు ఎందుకు పెరగలేదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అది స్వయంగా నొక్కి చెప్పే అక్షరం. నొక్కి చెప్పేదాన్ని మళ్లీ వాల్చి చూపాల్సిన అవసరం పెద్దగా ఎవరికీ కనిపించలేదు. 1953లో హెర్మన్ ఐడెన్‌బెన్జ్ స్విట్జర్లాండ్‌లోని హాస్ ఫౌండ్రీ కోసం క్లారెండన్‌ను తిరిగి గీసినప్పుడు కూడా ఇటాలిక్ రాలేదు. 2009లో న్యూయార్క్‌లోని హోఫ్లర్ అండ్ ఫ్రియర్-జోన్స్ సంస్థ 'సెంటినెల్' అనే ఫాంటును తెస్తూ, పాత క్లారెండన్‌లకు లేని ఇటాలిక్‌లను సమకూర్చడమే తన ముఖ్యమైన పనుల్లో ఒకటిగా చెప్పుకుంది. 1845లో మొదలైన ఆ లోటు 2009లోనూ పూడ్చాల్సిన పనిగానే కనిపించింది.

మధ్యలో వచ్చిన జ్యామితీయ స్లాబ్‌ల సంగతి వేరు. 1929లో జర్మనీలో రుడాల్ఫ్ వోల్ఫ్ గీసిన మెంఫిస్, 1931లో అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన స్టైమీ, 1934లో ఇంగ్లండ్‌లో మోనోటైప్ కంపెనీ విడుదల చేసిన రాక్‌వెల్ ఈ కోవలోవి. వీటిలో 'ఓ' అక్షరం దాదాపు వృత్తం, గీతలన్నీ ఒకే మందం, కలం జాడ ఎక్కడా కనిపించదు. మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో పాటు వచ్చే ఫాంట్లలో ఉండటం వల్ల రాక్‌వెల్ బోల్డ్ ఇటాలిక్ ప్రపంచమంతటా మామూలు కంప్యూటర్లలోకి చేరింది. ఈ శైలిని అర్థం చేసుకోవడానికి దానికన్నా అందుబాటులో ఉన్న నమూనా లేదు.

రాక్‌వెల్ బోల్డ్ ఇటాలిక్‌ను పెద్ద సైజులో పెట్టి చూస్తే ఒక విషయం వెంటనే తెలుస్తుంది. అక్షరాల ఆకారం మారలేదు, వాలాయంతే. చిన్న 'ఎ' (a) అక్షరం నిటారు రూపంలో ఉన్నట్టే రెండంతస్తులతో (కింద కడుపు, పైన వంపు) ఉంది. 'ఎఫ్' తోక ఆధారగీత (అక్షరాలు నిలబడే గీత) కిందికి దిగలేదు. కాళ్ల కింద పట్టీలు అటూ ఇటూ పూర్తిగా ఉన్నాయి. ఇలాంటి వాలుడు అక్షరాన్ని టైపు రంగంలో 'ఆబ్లిక్' అంటారు. చేతిరాత లక్షణాలతో కొత్తగా గీసినదాన్నే చాలామంది అసలైన ఇటాలిక్‌గా ఒప్పుకుంటారు. ఆబ్లిక్ అంటే తక్కువ రకం అనుకోవడం మాత్రం పొరపాటు. వృత్తం, చతురస్రం ఆధారంగా కట్టిన అక్షరానికి హఠాత్తుగా కలం వంపులు తగిలిస్తే అది వేరే కుటుంబంలా కనిపిస్తుంది. రాక్‌వెల్‌కు వాలుడు రూపమే సరైనది.

అయితే మంచి ఆబ్లిక్ కూడా కేవలం వాల్చితే రాదు. నిటారు అక్షరాన్ని సాఫ్ట్‌వేర్‌తో పక్కకు లాగితే వృత్తం దీర్ఘవృత్తం అవుతుంది. దాని కుడి పైభాగం, ఎడమ కిందిభాగం లావెక్కుతాయి, మిగతా రెండు మూలలూ పలచబడతాయి. 'వి' అక్షరంలో కుడివైపు వాలిన గీత ఇంకా పడుకుని సన్నబడుతుంది, ఎడమవైపుది నిటారుగా లేచి లావుగా కనిపిస్తుంది. స్లాబ్‌కు అదనంగా ఇంకో బాధ ఉంది. గీత కుడికి వాలినప్పుడు కిందిపట్టీతో దాని కుడివైపు కోణం ఇరుకవుతుంది, ఎడమవైపు కోణం తెరుచుకుంటుంది. ఆ ఇరుకు మూలలో నలుపు పేరుకుంటుంది, అచ్చులో అయితే సిరా నిండుతుంది. బోల్డ్ కాబట్టి ఈ దోషాలన్నీ మరింత స్పష్టంగా కనపడతాయి. సన్నని అక్షరంలో కంటికి ఆనని తేడా ఇక్కడ మచ్చలా తేలుతుంది. కాబట్టి డిజైనర్ వంపుల మందాన్ని మళ్లీ సరిచేయాలి, పట్టీల పొడవు అటూ ఇటూ వేరుగా కొలవాలి, ఇరుకు మూలల్ని కాస్త తొలచాలి, అక్షరాల మధ్య జాగా మళ్లీ లెక్కించాలి. చాలా ఫాంట్లలో వాలు 8 నుంచి 12 డిగ్రీల మధ్యే ఆగిపోవడానికి ఈ బాధలన్నీ కారణమే. అంతకన్నా వాలిస్తే పట్టీ పనిచేయడం మానేస్తుంది.

రెండో దారి నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. పీటర్ మథియాస్ నూర్డ్‌జే 1990లో ప్రచురించిన 'పీఎంఎన్ సిసీలియా' స్లాబ్ జాతిని కలం వైపు తిప్పింది. ఆయన తండ్రి హెరిట్ నూర్డ్‌జే, అక్షరాన్ని కలం చేసే పనిగా చూడాలని హేగ్‌లోని రాయల్ అకాడమీలో తరాల విద్యార్థులకు నేర్పినవాడు. సిసీలియా ఇటాలిక్ చాలా తక్కువ వాలుతుంది. తన తేడాను వాలుతో కాకుండా ఆకారంతో చూపిస్తుంది. అక్షరాలు ఇరుకవుతాయి, పట్టీలు రెండువైపులా ఉండవు. కలం కాగితాన్ని తాకే చోట పైన ఎడమవైపు ఒకటి, వదిలే చోట కింద కుడివైపు ఒకటి ఉంటాయి. మిగతావి తీసేశారు. స్లాబ్ నిలకడకూ ఇటాలిక్ నడకకూ ఇంతకన్నా శుభ్రమైన రాజీ ఇంకోటి కనిపించదు. పట్టీ మందం అలాగే ఉంది, కానీ అది అక్షరాన్ని నేలకు బిగించడం మాని ముందుకు నడిపిస్తుంది. బోల్డ్‌లోనూ ఈ గుణం నిలిచింది. అమెజాన్ కిండిల్‌లో చదివినవాళ్లకు ఈ ఫాంటు పేరు తెలియకపోయినా కళ్లకు అలవాటే. ఏళ్ల తరబడి ఆ పరికరం వాడిన అక్షరం ఇదే.

ఈ రెండు దార్లకూ పక్కన టైప్‌రైటర్ సంతతి ఉంది. టైప్‌రైటర్‌లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, 'ఐ'కి ఎంత జాగానో 'ఎం'కూ అంతే. సన్నని 'ఐ'కి మిగిలిపోయే ఖాళీని పొడవాటి పట్టీలతో నింపాలి కాబట్టి స్లాబ్ అక్కడ అలంకారం కాదు, అవసరం. ఐబీఎం కోసం హోవార్డ్ కెట్లర్ 1950లలో గీసిన కొరియర్ అలా వచ్చింది. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ప్రింటరులో పెట్టిన 13 ఫాంట్లలో నాలుగు కొరియర్‌వే, నాలుగోది కొరియర్ బోల్డ్ ఆబ్లిక్. అదే ప్రింటరులో టైమ్స్ రూపానికి ఇటాలిక్ అనీ, కొరియర్ రూపానికి ఆబ్లిక్ అనీ పేర్లు పెట్టారు. ఏది గీసిందో ఏది వాల్చిందో దాచకుండా చెప్పిన పేర్లవి. ఇవాళ ప్రోగ్రామర్లు కోడ్ రాసే తెరల మీద కీలకపదాలు బోల్డ్‌లో, వ్యాఖ్యలు ఇటాలిక్‌లో కనపడటం మామూలే.

ఇక వాడకం. బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ సహజంగా ఒదిగేది కొద్ది మాటల్లో, పెద్ద సైజులో, ఊపుతో చెప్పాల్సిన చోట. క్రీడల పేజీ శీర్షిక, ధరల తగ్గింపు ప్రకటన, మ్యాగజైన్‌లో వ్యాసం మధ్య పెద్దక్షరాల్లో ఎత్తి చూపే వాక్యం, ట్రక్కు పక్కన కంపెనీ పేరు. నిటారు బోల్డ్ స్లాబ్ అక్కడ పెడితే మాట గట్టిగా వినపడుతుంది గానీ కదలదు. సన్నని ఇటాలిక్ పెడితే కదులుతుంది గానీ దూరం నుంచి ఆనదు. బరువూ వేగమూ రెండూ కావాల్సినప్పుడు ఈ అక్షరానికి సాటి లేదు. అంకెల్లో ఇది మరింత బాగుంటుంది. పట్టీలున్న దళసరి '1', '2', '7' వాలినా ఒకదానితో ఒకటి కలగలిసిపోవు, ధర చీటీకి కావాల్సింది అదే.

పత్రికల్లో దీనికి పెద్ద నిదర్శనం 2005 సెప్టెంబరులో కొత్త ఆకారంలో వచ్చిన బ్రిటిష్ దినపత్రిక ది గార్డియన్. పాల్ బార్న్స్, క్రిస్టియన్ ష్వార్ట్జ్ దాని కోసం గార్డియన్ ఈజిప్షియన్ అనే స్లాబ్ కుటుంబాన్ని గీశారు. అతి సన్నని రూపం నుంచి అతి నల్లని రూపం దాకా, ప్రతి మందానికీ ఇటాలిక్ తోడుతో, చాలా శైలులు తయారయ్యాయి. దానివల్ల పత్రికకు ఒక గొప్ప సౌకర్యం కలిగింది. వార్తకు నిటారు, అభిప్రాయానికి వాలు, తీవ్రతకు మందం. ఫాంటు మార్చకుండానే గొంతు మార్చే వీలు. బోల్డ్ ఇటాలిక్ విలువ ఇలాంటి కుటుంబంలోనే పూర్తిగా తెలుస్తుంది. ఒంటరిగా అది కేక. నలుగురి మధ్య ఉన్నప్పుడు అది ఒక స్వరం.

ఊపుతో సంబంధం లేని, కేవలం వ్యాకరణం కోరే వాడకం ఒకటుంది. దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు గానీ ఈ శైలి ఫాంటులో ఉండి తీరాలనడానికి అదే బలమైన కారణం. వరి మీద ఇంగ్లిష్‌లో వచ్చే వ్యవసాయ బులెటిన్‌ను తీసుకుంటే, శాస్త్రీయనామం ఒరైజా సటైవాను ఇటాలిక్‌లో వేయడం శాస్త్ర నియమం. అది బోల్డ్ శీర్షికలోకి వస్తే బోల్డ్ ఇటాలిక్ తప్ప మార్గం లేదు. పుస్తకాల పేర్లు, ఓడల పేర్లు, కోర్టు కేసుల పేర్లు కూడా అంతే. భౌతికశాస్త్రంలో సదిశ రాశులను బోల్డ్ ఇటాలిక్‌లో చూపడం అంతర్జాతీయ ప్రమాణం. శీర్షికలకు స్లాబ్ ఎంచుకునే సంస్థ ముందుగా ఈ ఒక్క శైలి ఉందో లేదో చూసుకోవాలి.

ఎందుకంటే చాలా స్లాబ్‌లకు అది లేదు. ఆండ్రాయిడ్ ఫాంట్ల కుటుంబానికి చెందిన రోబోటో స్లాబ్‌కు రకరకాల మందాలున్నాయి గానీ ఇటాలిక్ ఒక్కటీ లేదు. వెబ్ పేజీలో ఇటాలిక్ అడిగితే బ్రౌజరు కిక్కురుమనకుండా నిటారు అక్షరాన్ని 14 డిగ్రీలు వాల్చి చూపిస్తుంది. పైన చెప్పుకున్న దోషాలన్నీ అందులో ఉంటాయి. ఆర్వో, అలియో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తెచ్చిన మొజిల్లా కోసం టైపోథెక్ సంస్థ 2017లో చేసిన జిల్లా స్లాబ్ మూడూ ఉచితంగా దొరికేవే, మూడింటికీ గీసిన బోల్డ్ ఇటాలిక్ ఉంది. డబ్బు లేదన్న సాకుతో నకిలీ వాలును వాడాల్సిన పనిలేదు. నకిలీని పూర్తిగా ఆపడానికి వెబ్ పేజీల రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో ఫాంట్-సింథసిస్ అనే ఆదేశం కూడా ఉంది.

వాడకూడని చోట్లు ఎక్కువే. పేరా నిండా బోల్డ్ ఇటాలిక్ పెడితే కన్ను ఎక్కడా ఆగదు, ఎక్కడా సాగదు. అన్నీ క్యాపిటల్స్‌లో వాల్చిన స్లాబ్ ఆటగాళ్ల జెర్సీ మీద బాగుంటుంది, పెళ్లిపత్రిక మీద బాగుండదు. చిన్న సైజులో 'ఎ' (a), 'ఇ' (e) కడుపులు పూడిపోతాయి, అక్కడ వాడక తప్పకపోతే అక్షరాల మధ్య జాగా కాస్త పెంచాలి. పెద్ద సైజుకు వచ్చేసరికి అదే జాగాను తగ్గించాలి.

తెలుగుతో దీనికి నిజమైన పని పడేది రెండు లిపులూ ఒకే పేజీలో ఉన్నప్పుడు. పత్రికల్లో, కరపత్రాల్లో వాడే తెలుగు ఫాంట్లలో చాలావాటికి గీత మందం మొదటి నుంచి చివరి దాకా ఇంచుమించు సమానం. సన్నం–మందం తేడా ఎక్కువున్న బొడోని, టైమ్స్ లాంటి ఇంగ్లిష్ అక్షరాల పక్కన అది పొసగదు. స్లాబ్‌లోనూ గీతలు సమానమే కాబట్టి రెండింటి నలుపు ఒకేలా పరుచుకుంటుంది. రెండు భాషల బోర్డులకు, ప్యాకెట్లకు ఇంగ్లిష్ వైపు స్లాబ్ ఎంచుకోవడం తెలివైన పని.

వాల్చేటప్పుడే జోడీ విడిపోతుంది. తెలుగు అక్షరం కిందికీ పైకీ పెరిగేది. కింద ఒత్తు, పైన గుడి. ఆధారగీత దగ్గర పట్టుకుని కుడికి వాల్చితే ఒత్తు ఎడమకు, గుడి కుడికి జరిగి, ఒకే అక్షరంలోని భాగాలు విడివిడిగా కనిపిస్తాయి. ముందే కుడికి ఎగసి ఉన్న తలకట్టు ఇంకా పడుకుంటుంది. దానికి తోడు సాఫ్ట్‌వేర్ నకిలీ బోల్డ్ కలిస్తే 'ప' తలకట్టు కింది సందు మూసుకుపోయి 'వ'లా చదవబడుతుంది, 'భ', 'ధ' లాంటి వాటి చిన్న గీతలు కనపడకుండా పోతాయి. ఫ్లెక్సీల మీద, ప్రకటనల్లో ఇలా కొట్టుకుపోయిన తెలుగును చూడటం బాధాకరం. రామభద్ర, మండలి, బలూ తమ్ముడు, అనెక్ తెలుగు, ఈ ఫాంట్లలో వేటికీ తెలుగు ఇటాలిక్ గీయలేదు. కాబట్టి ఇంగ్లిష్ పేరు బోల్డ్ ఇటాలిక్ స్లాబ్‌లో ఉన్నప్పుడు పక్కన తెలుగును అంతే నలుపున్న నిటారు ఫాంటులో ఉంచి, తేడాను రంగుతోనో సైజుతోనో చూపడం ఇప్పటికి సరైన పద్ధతి.

తెలుగు వాలకూడదన్న శాసనమేమీ లేదు. సినిమా పోస్టర్ల మీద చేత్తో టైటిల్స్ రాసిన కళాకారులు తెలుగును ఎంతో అందంగా వాల్చారు. వాళ్లు లాగలేదు, గీశారు. ఒత్తును అక్షరం కిందికి తెచ్చి, గుడిని తల మీద నిలిపి, ప్రతి పేరుకూ విడిగా సమతూకం కుదుర్చుకున్నారు. ఇటాలిక్‌కు మూలమైన వేగపు రాతకు సమానమైనది తెలుగులోనూ ఉంది. కరణాల లెక్కల్లో, పాత దస్తావేజుల్లో కలం ఎత్తకుండా రాసిన గొలుసుకట్టు రాతే అది. గ్రిఫో ఇటలీ లేఖకుల రాతలోంచి అక్షరాలను ఏరుకున్నట్టే, తెలుగు ఇటాలిక్ గీయాలనుకునే డిజైనర్ ఆ దస్త్రాల్లోంచి ఏరుకోవచ్చు. తలకట్టు ఎక్కడ మొదలై ఏ అక్షరంలోకి జారుతుందో, ఒత్తు ఏ వంపులో పై అక్షరానికి అతుకుతుందో అందులో రాసి ఉంది. వాటిని దళసరి గీతలో, ముద్రణకు తట్టుకునేలా తిరిగి గీస్తే బోల్డ్ ఇటాలిక్ స్లాబ్ పక్కన నిలబడగల తెలుగు జోడీ మొదటిసారి తయారవుతుంది.